బందు చేసిన కరెంటు

సోనాబాయి ఆ గోనెసంచిని కోడలి నెత్తిన పెట్టించి తెచ్చింది గానీ, తాను మాత్రం సంచికి రెండు బారల దూరంలోనే నడిచింది. షేరింగ్ ఆటోలో కూడా అంతేనట. సంచి ఉన్న సీటు మీద కూర్చోనని మొండికేసి, డ్రైవరు పక్కన సగం కూర్చుని, కోటగిరి నుంచి బాన్సువాడ దాకా గాలికి వేలాడుతూ వచ్చింది. అరవై అయిదేళ్ల మనిషి! భయం ముందు మోకాళ్ల నొప్పులు ఒక లెక్కా!

బోధన్ రోడ్డు మీది మన్సూర్ మిస్త్రీ మోటార్ వైండింగ్ దుకాణం తెలియని రైతు ఆ చుట్టుపక్కల లేడు. కాలిపోయిన మోటార్లు దవాఖాన వరండాలో రోగుల్లాగా వాకిట్లో వరసగా పడి ఉంటాయి. ఆ బుధవారం పూట మన్సూర్ వాటి జోలికి పోకుండా, స్టీలు రేకులకు తూట్లు పొడుస్తూ కూర్చున్నాడు. నీళ్లలోంచి గ్యాస్ తీసే డబ్బా ఒకటి తయారు చేస్తున్నాడు. రాగి తీగలకు అతుకు పెట్టాలంటే మంట కావాలి, మంటకు సిలిండర్ కావాలి. ఎవరో ఫోన్లో చూపించిన వీడియో నెల రోజులుగా ఆయన బుర్రలో తిరుగుతోంది. నీళ్లూ కరెంటూ ఉంటే చాలు, మంట అదే పుడుతుందట. ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్నవాణ్ని, నాకు రాదా అన్నది ఆయన పంతం.

"మిస్త్రీ, గిది తీసుకో. తుక్కుల ఏస్తవో, చెర్ల పారేస్తవో నీ ఇష్టం. మా ఇంట్ల మాత్రం వద్దు" అంది సోనాబాయి.

కోడలు వైశాలి సంచి దించి మూతి విప్పింది. లోపల మోటారు స్టార్టర్ డబ్బా. పచ్చ బటన్, ఎర్ర బటన్, తుప్పు పట్టిన మూత. మన్సూర్ చూడగానే గుర్తుపట్టాడు. తాను బిగించిన డబ్బాయే. పదకొండు నెలల కిందట సోనాబాయి కొడుకు దినేష్ దీన్ని విప్పుతూనే కదా షాక్ కొట్టి వెనక్కి తూలి, బావిలో పడి చనిపోయింది.

"కూసో అవ్వా. చాయ్ చెప్తా."

"చాయ్ వద్దు, ఏం వద్దు. ఆదివారం వాని ఏడాది, నెల ముందే చేస్తున్నం. గది అయిపోతే ఈమెను డోంగ్లికి తోలిస్త, అవ్వగారింటికి. పొల్ల నా తాననే ఉంటది."

ఎదురుగా ఉన్న మనిషి గురించి, అక్కడ లేని మనిషి గురించి చెప్పినట్టు చెప్పింది. వైశాలి సంచిని మడతపెడుతోంది. ఒకసారి మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. అయిదేళ్ల కూతురును వదిలి పొమ్మంటున్నారు. ఆ ముఖంలో ఏడుపు లేదు. అది ఎప్పుడో ఇంకిపోయినట్టుంది.

ఉక్కపోతగా ఉంది. "అమ్మా, నీ పక్కనే స్విచ్చున్నది. కొద్దిగ ఫ్యానెయ్యి" అన్నాడు మన్సూర్.

వైశాలి చెయ్యి సగం లేచింది.

"ఏయ్, ముట్టకు!" సోనాబాయి అరుపుకు పక్క కిళ్లీకొట్టువాడు కూడా తొంగిచూశాడు. "మా ఇంట్ల ఈమెను స్విచ్చు ముట్టనియ్యం మిస్త్రీ. లైటు గూడ పొల్లనే స్టూలెక్కి ఏస్తది. పొల్ల లేకపోతే చీకట్ల కూసుంటది. కూసోనియ్యి. ఒక్కసారి ముట్టింది సాలదా?"

మన్సూర్ లేచి తనే ఫ్యాను వేసుకున్నాడు. డబ్బా విప్పే ముందు మెయిన్ ఆపమని దినేష్ చెప్పింది వైశాలికే; ఆమె ఆపలేదని ఊరి మాట. ఆనాడు సోనాబాయి వాకిట్లో పెద్దమనుషులు కూర్చుని, "మిస్త్రీ, నువ్వు చెప్పు. మెయిన్ బందు చేసినంక డబ్బాల కరెంటుంటదా?" అని అడిగినప్పుడు, "ఉండదు. బందు చేసుంటే షాకెట్ల కొడ్తది?" అన్నది తానే. ఉన్నమాట చెప్పాడు. ఉన్నమాట చెబితే ఉలుకెందుకు?

వెళ్లబోతూ వైశాలి గడప దగ్గర ఆగింది. "మన్సూరన్నా, ఒకటడుగుత."

"మళ్ల గదేనా?" అంది అత్త.

"బందు చేసిన కరెంటు మల్ల వస్తదా అన్నా?"

ఇది మూడోసారి. దినేష్ పదోరోజున అడిగింది, మొన్న సంతలో కనిపించి అడిగింది, ఇప్పుడు అడుగుతోంది. మూడుసార్లూ అవే మాటలు, అదే మెల్లని గొంతు.

"రాదమ్మా. ఎట్లొస్తది? గుర్తు లేకుండ ఆన్ ఉంచినవేమో. మనిషన్నంక మరుపుంటది" అన్నాడు మన్సూర్ దయగా.

"నేను బందు చేసిన" అంది వైశాలి. ఆ ఒక్క మాట నేల మీద పెట్టినట్టు అక్కడ పెట్టి, అత్త వెనక నడిచిపోయింది.

గురువారమంతా మన్సూర్ వైరింగ్ పని మీదే ఉన్నాడు. గోడ ప్లగ్గులోని కరెంటును నేరుగా నీళ్లలోకి వదిలితే ఫ్యూజులు ఎగిరిపోతాయి. దారిలో కండెన్సర్లు పెడితే, అవి గుక్క తిప్పుకుంటూ కొద్దికొద్దిగా వదులుతాయి. అయినా అది అటూ ఇటూ ఊగే కరెంటే. నాలుగు కాళ్ల బ్రిడ్జి రెక్టిఫైయర్ దాన్ని పట్టుకుని ఒకే దారిన నడిపిస్తుంది. అప్పుడే నీళ్లు విడిపోయి గ్యాస్ లేస్తుంది. మొదట పెట్టిన బ్రిడ్జి పది నిమిషాలకే మాడి కంపు కొట్టింది. దాన్ని పీకేసి, రెండు బ్రిడ్జీలను పక్కపక్కన అల్యూమినియం రేకుకు బిగించాడు. నీళ్ల ఫిల్టర్ గ్లాసులో స్టీలు పలకలు వరసగా నిలబెట్టి, కాస్టిక్ కలిపిన నీళ్లు పోశాడు. పైనుంచి గొట్టం తీసి ఒక సీసా నీళ్లలో ముంచాడు. మంట వెనక్కి పాకకుండా ఆ సీసా కాపలా.

అన్నీ అయ్యాక కండెన్సర్లు తక్కువ పడ్డాయి. దుకాణంలో ఉన్నవన్నీ ఉబ్బిపోయిన ముసలి సరుకు. అప్పుడు ఆయన చూపు మూలనున్న దినేష్ డబ్బా మీద పడింది. మూత విప్పితే ఎండిన బల్లి ఒకటి రాలిపడింది. లోపల రెండు అల్యూమినియం కండెన్సర్లు జంటగా కట్టి ఉన్నాయి. చెక్కుచెదరలేదు. మోటారు లేపడానికి అందరూ నల్లటివి వాడతారు. అవి ఎండాకాలం పగిలిపోతాయని మన్సూర్ మాత్రం ఇలాంటివి రెండు జతచేసి పెడతాడు. మన్సూర్ పెట్టినవి పగలవని పేరు. స్క్రూడ్రైవరుతో రెండు కాళ్లనూ కలిపి చూశాడు. చిటుక్కుమనలేదు. పదకొండు నెలలకు ఇంకేం మిగులుతుంది? కాళ్ల కొసలమీద మాత్రం ఆవగింజంత నల్లమచ్చలు రెండున్నాయి. వాటిని గరుకు కాగితంతో రుద్దేశాడు.

దుకాణం వెనకే ఇల్లు. భార్య మెహరాజ్ బేగం చాయ్ తెచ్చి, ఆ కండెన్సర్లను చూసి అక్కడే నిలబడిపోయింది. ఇంట్లో వాళ్లిద్దరిదీ సగం దక్కనీ, సగం తెలుగు.

"అజీ, గవి నిన్న వచ్చినవే కదా? చచ్చిపోయిన మనిషి సామాన్లు. నీకేం తక్కువైంది?"

"ఇనుముకు దయ్యాలు పడ్తయా పిచ్చిదానా? కండెన్సర్ కండెన్సరే."

"తోబా! మనిషి ఫికర్ లేదు, దయ్యం ఫికర్ లేదు నీకు" అని ఆమె చాయ్ గ్లాసును దూరంగా పెట్టి, గబగబా లోపలికి పోయింది.

శుక్రవారం పొద్దున పది గంటలకు ప్లగ్గు పెట్టాడు. మొదట ఏమీ కాలేదు. తర్వాత పలకల సందుల్లోంచి తెల్లగా పొగమంచులా బుడగలు లేచాయి. కాపలా సీసా గుడగుడమంది. సన్న గొట్టం కొసకు అగ్గిపుల్ల చూపిస్తే సూదంత మంట, కంటికి సరిగ్గా ఆననంత సన్నగా, టక్కుమని వెలిగింది. దానిలో రాగి తీగ పెడితే మైనంలా కరిగింది! మన్సూర్ సంతోషం పట్టలేక భార్యను కేక వేశాడు.

మెహరాజ్ వచ్చింది. మంటను చూడలేదు. సీసా మీదికి చెవి వంచింది.

"ఏమంటుందో వింటున్నవా?"

"ఏమంటది? బుడగలు."

"నీళ్ల కింద ఎవరో మాట్లాడనీకి చూస్తున్నట్టుంది."

మన్సూర్ నవ్వాడు గానీ, ఆమె పోయాక ఆ చప్పుడు నిజంగానే వినబడటం మొదలైంది. గుడ, గుడ, ఆగి, మళ్లీ గుడగుడ. సగం మాట పలికి నీళ్లు మింగినట్టు. దినేష్ ను బావిలోంచి తీసినప్పుడు నోరు తెరిచే ఉందని ఎవరో అన్నారు. ఆ మాట ఇన్ని రోజులూ గుర్తు రాలేదు. ఛీ, ఆడదాని మాట పట్టుకుని నేనేంది అనుకుని స్విచ్చు ఆపేశాడు. ప్లగ్గు పీకాడు. తీగ చుట్టి మేకుకు తగిలించాడు. బుడగలు పలచబడ్డాయి. ఒక్క పలక మూల నుంచి మాత్రం ఒకే ఒక్క సన్నని దారం చాలాసేపు పైకి లేస్తూనే ఉంది. అది ఆగేదాకా ఎందుకో అక్కణ్నుంచి కదలబుద్ధి కాలేదు.

జుమ్మా నమాజుకు పోయి, ఇంట్లో అన్నం తిని, రెండున్నరకు మళ్లీ దుకాణంలోకి వచ్చాడు. బల్లమీద చోటు చాలట్లేదని, జంట కండెన్సర్లను పక్కకు జరపబోయాడు. రెండు చేతులతో పైన పట్టుకున్నాడు, బొటనవేళ్లు కాళ్ల మీద పడేలా.

ఛాతీలో ఎవరో గునపంతో పొడిచారు. కన్నుమూసి తెరిచేలోగా ఆయన వెనక్కి ఎగిరి తీగల కుప్ప మీద పడి ఉన్నాడు. పంకా తిరుగుతోంది, తనకు ఊపిరి మాత్రం రావట్లేదు. తల వెనక ఏదో తగిలింది. వైండింగ్ స్టాండు. తీగల కుప్ప లేకపోతే, దాని బదులు ఇంకేదైనా ఉంటే? రాయి ఉంటే? బావి ఉంటే?

చప్పుడుకు మెహరాజ్ పరుగెత్తుకొచ్చింది. "యా అల్లా! ఏమైంది?"

"షాక్... గా కండెన్సర్ల..."

"ఆన్ చేసి ఉంచినవా?"

"లేదు. బందు చేసిన."

"మర్చిపోయినవేమో. పొద్దున్నుంచి ఖుషీల ఉన్నవ్."

"మరిచిపోలే! ప్లగ్గు గూడ పీకిన. జర చూడు, మేకుకున్నది తీగ!"

మెహరాజ్ మేకుకేసి చూసింది, మొగుడికేసి చూసింది. ఆమె కళ్లలో జాలి ఉంది. నమ్మకం లేదు.

"బందు చేసుంటే షాకెట్ల కొడ్తది జీ?"

"నేను బందు చేసిన!" అని మన్సూర్ గట్టిగా అరిచాడు.

అరిచిన మాట గోడకు తగిలి తిరిగి ఆయన చెవిలోనే పడింది. ఆ మాట ఆయనది కాదు. రెండు రోజుల కింద ఇదే గడప దగ్గర నిలబడి ఒక ఆడమనిషి అన్న మాట. పదకొండు నెలలుగా ఊరంతటికీ చెబుతున్న మాట. మెహరాజ్ అడిగింది కూడా ఆమె మాట కాదు. ఆ వాకిట్లో, పెద్దమనుషుల ముందు, మంచం పట్టె మీద కూర్చుని తాను అన్న మాట, అక్షరం పొల్లుపోకుండా.

మెహరాజ్ పంచదార నీళ్లు తాగించి, తల తడిమి, "పండుకో" అని చెప్పి పోయింది. మన్సూర్ పడుకోలేదు. అరచేతులు చూసుకున్నాడు. రెండు బొటనవేళ్ల మీదా ఆవగింజంత నల్లమచ్చలు.

లేచి, ఒక కర్రపుల్లతో కండెన్సర్లను తిప్పి చూశాడు. రెండు కాళ్ల మధ్యా ఉండాల్సిన చిన్న రెసిస్టర్ లేదు. కోసేసిన తీగ మొనలు రెండు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. నిన్న ఎందుకు చూడలేదు? చూశాడు. చూసి కూడా చూడలేదు. తన సంతకం తాను చదువుకుంటారా ఎవరైనా? అది తన కటింగ్ ప్లేయరు కోత. కొద్దిగా ఏటవాలుగా, ఎప్పుడూ ఒకేలా.

మోటారు లేపడానికి పచ్చ బటన్ ఒకటి, రెండు అనేంతసేపు నొక్కిపట్టాలి. ఈ కండెన్సర్లకు పని ఆ రెండు లెక్కలే. బటన్ వదలగానే వీటికి దారి తెగిపోతుంది. లోపల చిక్కుకున్న కరెంటు పోవడానికి ఎటూ తోవ ఉండదు. ఆ మిగిలినదాన్ని నిమిషంలో తాగేయడానికే బియ్యపుగింజంత రెసిస్టర్. అయితే ఎండాకాలం రేకుడబ్బాలో అది మాడి కంపు కొడుతుంది. "మిస్త్రీ, నువ్వేసిన డబ్బా కాలుతుంది" అని రైతులు బండి వేసుకుని వచ్చేస్తారు. ఒకరికి చెప్పి, ఇద్దరికి చెప్పి, విసుగెత్తి, ఏడేళ్ల కింద మన్సూర్ ఒక ఉపాయం కనిపెట్టాడు. కొత్త డబ్బా బిగించేటప్పుడే దాన్ని కత్తిరించేయడం. అప్పటినుంచి ఒక్క కంప్లయింటు రాలేదు. తెలివంటే మన్సూర్ దే అన్నారు.

సాయంత్రం ఆయన ఒక పని చేశాడు. కండెన్సర్లకు ఒక్క క్షణం కరెంటు చూపించి, ప్లగ్గు పీకి, చెక్కపలక మీద పెట్టి, గిన్నె బోర్లించి, దుకాణం మూసేశాడు.

శనివారం పొద్దున తెరిచి, మొదట టెస్టర్ పెట్టాడు. ఒక కాలు మీద పెడితే వెలగలేదు. రెండో కాలు మీద పెట్టినా వెలగలేదు. ఈ కరెంటు నేల దారి పట్టదు, ఒక కాలి నుంచి రెండో కాలికే పోతుంది. దినేష్ చొక్కా జేబులో టెస్టర్ దొరికిందని ఆనాడు కానిస్టేబులు అన్నాడు. పాపం, వాడు కూడా ఇలాగే పెట్టి చూసి, లేదనుకుని, చెయ్యి పెట్టి ఉంటాడు. తర్వాత మన్సూర్ ఎర్ర జీరో బల్బు తీగలు రెండింటినీ రెండు కాళ్లకు ఆనించాడు.

బల్బు ఒక్కసారి కన్ను తెరిచి మూసింది.

ఏ తీగా లేదు, ఏ ప్లగ్గూ లేదు. రాత్రంతా గిన్నె కింద చీకట్లో అది మేల్కొనే ఉంది. దయ్యమైతే తాయెత్తు కట్టుకోవచ్చు. ఇది తన చేత్తో చేసిన పని.

"ఎవరడిగిండ్రు నిన్ను?" అంది మెహరాజ్, ఆయన అంతా చెప్పాక. చాలాసేపు కొంగు కొస చుట్టుకుంటూ కూర్చుని అంది. "పదకొండు నెలలైంది. మట్టిల కలిసిండు. ఇప్పుడు పోయి చెప్తే దుకాణం ఉంటదా? రేపు పోలీసొస్తే? నువ్వు బిగించిన డబ్బాను ఎవరు నమ్ముతరు?"

"ఆమెను రేపు పంపిస్తరు మెహరాజ్. పిల్లను గుంజుకోని."

మెహరాజ్ లేచి వంటింట్లోకి పోయింది. లోపల గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేశాయి.

మన్సూర్ కూడా అంత తొందరగా లేచిపోలేదు, నిజం చెప్పుకోవాలి. మనిషి కదా. మధ్యాహ్నం దాకా బల్ల ముందు కూర్చుని సాకులు వెతికాడు. ఆ పొద్దు మెయిన్ నిజంగానే ఆన్ లో ఉందేమో? చూసినవాళ్లున్నారుగా! అదీ నిలబడలేదు. దినేష్ బావిలో పడ్డాక నీళ్లు తోడాలని పక్కింటి మోటారు తెచ్చి, ఎవరో మెయిన్ వేశారు. తర్వాత వచ్చిన వాళ్లంతా వేసి ఉన్న మెయిన్ ను చూశారు. మన్సూర్ కూడా అప్పుడే వచ్చాడు. వైశాలి ఆపడాన్ని చూసినవాడు ఒక్కడే, వాడు అప్పటికే బావిలో ఉన్నాడు.

ఒంటిగంటకు మద్నూర్ దిక్కు నుంచి వెంకట్రాములు అనే చెరకు రైతు కొత్త డబ్బా కోసం వచ్చాడు. మన్సూర్ అలవాటుగా జంట కండెన్సర్లు తీసి, అలవాటుగా ప్లేయరు అందుకుని, రెసిస్టర్ కాలు మీద పెట్టాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏంది మిస్త్రీ, గట్ల చూస్తున్నవ్?"

"నీ ఇంట్ల మోటరు ఎవరేస్తరు?"

"నేనే. ఒక్కోసారి నా పెండ్లాం వేస్తది. ఏం?"

మన్సూర్ ప్లేయరు కింద పెట్టాడు. "ఇది కంపు కొడ్తది. కొట్టనియ్యి. కంపు కొడ్తుందంటే పని చేస్తున్నట్టు. ఎవరన్న తీసెయ్యిమంటే తియ్యకు" అని డబ్బా అలాగే బిగించి ఇచ్చాడు. వెంకట్రాములు పోయాక దినేష్ కండెన్సర్లకు మళ్లీ కరెంటు చూపించాడు. ప్లగ్గు పీకి, పొడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ బకెట్లో పెట్టి, ఎండ తగ్గాక బకెట్టును బండి వెనక కట్టాడు.

కోటగిరి తోవలో కాలువ నిండుగా పారుతోంది. పొలాల్లో ట్రాక్టర్లు, గట్ల మీద మోటార్లు. ప్రతి మోటారు పక్కనా ఒక రేకుడబ్బా. ఈ తోవన వందలసార్లు పోయాడు గానీ, ఆ డబ్బాలు ఇన్ని ఉన్నాయని ఏనాడూ చూడలేదు. గుంతల దగ్గర బండి మెల్లగా దించాడు. వెనక ఎవరో కూర్చున్నట్టే ఉంది. ఒకసారి తెలియకుండానే, "గట్టిగ పట్టుకో" అనబోయి, నాలుక కరుచుకున్నాడు.

పొద్దు గూకే వేళకు ఇల్లు చేరాడు. రేపటి ఏడాదికి బియ్యం చెరుగుతూ సోనాబాయి నడింట్లో కూర్చుని ఉంది. పిల్ల నానమ్మ పక్కన. వైశాలి గడప లోపల, గోడ మూల. ఆమె పక్కన ఒక సంచి, అందులో నాలుగు చీరలు. ప్రయాణానికి సర్దేశారు. ఇంట్లో సగం చీకటి.

"ఏంది మిస్త్రీ, గిట్లొచ్చినవ్?"

మన్సూర్ బకెట్టు కింద పెట్టి, గుడ్డ విప్పాడు. సోనాబాయి చేట పక్కకు పెట్టింది. వైశాలి చూపు మాత్రం కండెన్సర్ల మీద లేదు. ఆయన చేతుల మీద ఉంది. లేచి దగ్గరికి వచ్చింది.

"అన్నా, నీ బొటనేళ్లకేమైంది?"

మన్సూర్ చేతులు దాచుకోబోయాడు.

"మా ఆయనకు గూడ గిట్లనే ఉండె. నీళ్లు పోసేటప్పుడు చూసిన. రెండు చుక్కలు, గీడనే" అంది వైశాలి తన వేళ్ల మీద చూపిస్తూ.

ఇక చెప్పడానికి దారి దొరికింది. దొరకకపోయినా చెప్పక తప్పదు.

"అవ్వా, వీటికి నిన్న... కాదు, ఇయ్యాల పగటీలి ఒంటిగంటన్నరకు కరెంటు సూపించిన. ప్లగ్గు పీకి నాలుగు గంటలైంది. చూడు, ఏ తీగ లేదు." టెస్టర్ పెట్టి చూపించాడు. వెలగలేదు. తర్వాత ఎర్ర బల్బు తీసి, దాని తీగలు వైశాలి చేతికిచ్చాడు. "అమ్మా, ప్లాస్టిక్ దగ్గర పట్టుకో. రెండు కాళ్లకు ఆనియ్యి."

"ఆమె చేత వద్దు!" అంది సోనాబాయి.

"ఆమె చేతనే అవ్వా."

వైశాలి వంగి తీగలు ఆనించింది. బల్బు ఎర్రగా వెలిగింది. ఒక్క క్షణం నలుగురి ముఖాలూ, గోడ మీది దినేష్ ఫోటో కనిపించాయి. ఆరిపోయింది. పిల్ల నానమ్మ చీర పట్టుకుంది.

"బందు చేసిన కరెంటు రాదన్న. తప్పు చెప్పిన. అది పోనే పోలేదు, డబ్బాలనే ఉన్నది. పోవాలని కంపెనీవాడు చిన్న గింజ పెడ్తడు. నేను దాన్ని కత్తిరించిన. దినేష్ డబ్బాల గూడ కత్తిరించిన. కోడలి తప్పు లేదు అవ్వా."

సోనాబాయి గోడ మీది ఫోటో కేసి చూసింది. తర్వాత మెల్లగా అంది. "ఆ పొద్దు మా వాకిట్ల కూసోని ఏమన్నవ్?"

"అవ్వా..."

"ఏమన్నవో మల్ల అను. నా కొడుకు ఫోటో ముంగట అను."

"బందు చేసుంటే షాకెట్ల కొడ్తది అన్న" అన్నాడు మన్సూర్.

ముసలామె చేటలోంచి గుప్పెడు బియ్యం తీసి ఆయన ముఖాన విసిరింది. కొట్టడానికి ఆమెకు అందుబాటులో ఉన్నది అదే. గింజలు చొక్కా మీద నుంచి జారి నేల మీద చిటపటా రాలాయి. తర్వాత రెండు చేతుల్లో ముఖం దాచుకుని, "ఆయీ... ఆయీ గ..." అని తన తల్లిని మరాఠీలో తలచుకుంటూ ఏడ్చింది. మన్సూర్ నిలబడే ఉన్నాడు. ఇంకా విసిరితే బాగుండుననిపించింది. ఒప్పేసుకున్నాను, గుండె మీద బరువు దిగుతుందిక అనుకున్నాడు.

"ఎన్ని డబ్బాలకు కత్తిరించినవన్నా?"

అడిగింది వైశాలి. ఆమె ఏడవట్లేదు.

మన్సూర్ లోపల లెక్క మొదలైంది. ఏడేళ్లు. కోటగిరి, మద్నూర్, డోంగ్లి దాకా. "యాభై... లేదమ్మా, వంద దాటుతయి."

"అన్ని బావుల కాడ ఉన్నయన్నట్టు, ఇప్పుడు గూడ."

"ఉన్నయి."

"నాతాన ఏడ్సి ఏం ఫాయిదా మరి? రేపు పొద్దున మొదలువెట్టు. ఒక్క మొగోళ్లకు చెప్పి రాకు. మోటరు బందు చేసెటోళ్లకు గూడ చెప్పు. వాళ్లనే అంటరు తర్వాత."

బరువు దిగలేదు. వంద రేకుడబ్బాలు ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చున్నాయి. మన్సూర్ తలూపి, నేల మీద బియ్యపుగింజలు ఒక్కొక్కటీ ఏరడం మొదలుపెట్టాడు. ఏరుతుంటేనే చీకటి పడిపోయింది. గింజ కనబడక చెయ్యి తడుముకుంటోంది.

పిల్ల అలవాటు కొద్దీ లేచి స్టూలు లాగింది.

"నువ్వాగు బిడ్డా" అంది సోనాబాయి. "వైశాలీ... నువ్వెయ్యి లైటు."

వైశాలి పిల్ల చేతిలోంచి స్టూలు తీసి పక్కన పెట్టింది. తర్వాత గోడ పట్టుకుని స్విచ్చుబోర్డు దాకా నడిచింది. చెయ్యి పైకెత్తి, స్విచ్చు మీద వేలు పెట్టి, కాసేపు అలాగే ఉంచింది. టక్. ఇల్లంతా వెలుగు పరుచుకుంది. చేట, బియ్యం, చీరల సంచి, ఫోటో. ఆమె వేలు మాత్రం స్విచ్చు మీదనే ఉంది. అత్త కళ్లలోకి చూసింది.

టక్. మళ్లీ చీకటి.

"ఆ పొద్దు గిట్లనే బందు చేసిన అత్తా" అంది.

బయట దూరంగా ఎవరి పొలంలోనో మోటారు ఆగింది.

"చేసినవ్ బిడ్డా" అంది సోనాబాయి. "నువ్వు బందు చేసినవ్."